చూపుకు ఒక తాళం, రాతకు ఒక తాళం

మీ బడి వరండాలో అద్దాల తలుపులున్న నోటీసు బోర్డు ఉంటుంది కదూ? దాన్ని ఒకసారి నిదానంగా చూడండి. అందులో అంటించిన కాగితాన్ని దారిన పోయేవాళ్లు కూడా చదవవచ్చు. కాని దానిలో ఒక్క అక్షరం మార్చాలంటే అద్దం అడ్డం వస్తుంది. తాళంచెవి హెడ్మాస్టరు గారి గదిలో ఉంటుంది. ఇప్పుడు నాలుగడుగులు వేసి ఫిర్యాదుల పెట్టె దగ్గరకు వెళ్లండి. అందులో ఎవరైనా చీటీ వేయవచ్చు. చదివే అవకాశం మాత్రం ఒక్కరికే. నోటీసు బోర్డుకు ఇది సరిగ్గా తిరగేసిన వ్యవహారమన్నమాట! ఇక తరగతి గదిలోని నల్లబల్ల సంగతి మీకు నేను చెప్పాలా? చూసేవాళ్లూ మీరే, మాస్టారు వీపు తిప్పగానే దాని మీద రాసేవాళ్లూ మీరే. పరీక్షకు ముందు రోజు ప్రశ్నపత్రాల కట్ట బీరువాలో ఉంటుంది. దాన్ని మీరు చూడనూ లేరు, మార్చనూ లేరు.

కాబట్టి చూడటం, రాయటం అనేవి రెండు వేర్వేరు అధికారాలు. ఒకటి ఇచ్చినంత మాత్రాన రెండోది ఇచ్చినట్లు కాదు. ఈ చిన్న సంగతి నాకు తెలియదని కాదు. తెలిసి కూడా కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు మరిచిపోయాను. దాని వల్ల నా విద్యార్థినికి ఒకరికి కష్టం కలిగింది. ఆ కథ చెప్పాలంటే ముందు వికీ అంటే ఏమిటో చెప్పాలి.

బస్సు పేరు పెట్టుకున్న పుస్తకం

వికీపీడియా పేరు విననివారు మీలో ఉండరు. అసలు "వికీ" అన్నది హవాయి భాషలోని మాట. దాని అర్థం "త్వరగా" అని. హొనొలులు విమానాశ్రయంలో ప్రయాణికులను ఒకచోటి నుంచి మరొకచోటికి చేరవేసే బస్సును "వికీ వికీ" అనేవారు. మనం "గబగబా" అంటామే, అలాగన్నమాట. వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్ ప్రోగ్రామరు 1995 మార్చి 25న తాను తయారుచేసిన ఒక వెబ్‌సైటుకు ఆ బస్సు పేరే పెట్టాడు. ఆ వెబ్‌సైటులో ఒక వింత ఉంది. చదవడానికి వచ్చినవాడు అక్కడికక్కడే పేజీని మార్చేయవచ్చు! అదే పద్ధతిలో 2001 జనవరి 15న వికీపీడియా మొదలైంది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా కూడా వచ్చింది.

వికీ అంటే లోకమంతా కలిసి రాసేదే అనుకోకండి. ఒక మనిషి తన కోసం కూడా పెట్టుకోవచ్చు. అది నోటు పుస్తకం లాంటిదే. కాకపోతే ఒక పేజీలోని మాటను నొక్కితే ఆ మాటకు సంబంధించిన మరో పేజీ తెరుచుకుంటుంది. 2004లో ఇందుకు పనికివచ్చే సాధనాలు రెండు వచ్చాయి. ఒకటి జెరెమీ రస్టన్ తయారుచేసిన టిడ్లీవికీ. ఇందులో పుస్తకమంతా ఒకే ఒక ఫైలులో ఇమిడిపోతుంది. రెండోది ఆండ్రియాస్ గోర్ తయారుచేసిన డోకువికీ. ఇది ఒక సర్వరులో కూర్చుని, అడిగినవారికి అడిగిన పేజీని పంపుతుంది. రెండూ ఉచితమే. నేను వాడేది డోకువికీ. అందులో నా పాఠాలు, ప్రయోగాలు, బడి ఆవరణలో పిల్లలు కొలిచే వాన లెక్కలు, మా ఊరి చెట్ల జాబితా ఉన్నాయి.

డోకువికీని మొదటిసారి అమర్చేటప్పుడు అది మనల్ని ఒక ప్రశ్న అడుగుతుంది: మీ వికీ ఎలా ఉండాలి? అందరూ చదివి అందరూ రాసేదిగానా, అందరూ చదివి సభ్యులు మాత్రమే రాసేదిగానా, లేక సభ్యులు మాత్రమే చదివి రాసేదిగానా? నేను ఉదారంగా మొదటిది ఎంచుకున్నాను. విద్య దాచుకునేది కాదు కదా అని నా ఉద్దేశం.

మూడు నెలలు గడిచాక ఒక ఉదయం చూస్తే, "కాంతి పరావర్తనం" పేజీలో నా పాఠం లేదు. దాని స్థానంలో ఏవో మందుల ప్రకటనలు, నాకు రాని భాషలో! ఇది మనిషి చేసే పని కాదు. తెరిచి ఉన్న వికీల కోసం వెతుకుతూ తిరిగే ప్రోగ్రాములు చేసే పని. గుండె గుభేలుమంది. కాని తీరా చూస్తే నష్టం ఏమీ లేదు. వికీ పాత పేజీని పారేయదు. మార్చిన ప్రతిసారీ ముందున్న ప్రతిని భద్రంగా దాచుతుంది. డోకువికీ ఈ పాత ప్రతులను దాచే ఫోల్డరుకు పెట్టిన ఇంగ్లీషు పేరుకు తెలుగులో సరైన మాట "అటక". మన ఇళ్లలో పాత గంగాళాలు, విరిగిన ఊయల బల్లలు అటకెక్కినట్లే పాత పేజీలు అందులోకి ఎక్కుతాయి. నిన్నటి ప్రతిని దింపి, "దీన్నే ఉంచు" అన్నాను. కాంతి తిరిగి వచ్చింది. కాఫీ చల్లారేలోగా పని పూర్తయింది.

వికీలో రాసే అధికారం అందరికీ ఇచ్చినా కొంప మునగకపోవడానికి రహస్యం ఇదే. రాతలో జరిగిన తప్పును వెనక్కి తిప్పవచ్చు. అయినా రోజూ ప్రకటనలు తుడుస్తూ కూర్చోవడం నా వల్ల కాక, రాయడం సభ్యులకే పరిమితం చేశాను. తాళం వేయవలసింది రాతకే అనుకుని నిశ్చింతగా ఉన్నాను.

దాచాననుకున్న పేజీ

ప్రతి ఉపాధ్యాయుడికీ ఒక రహస్యపు పుస్తకం ఉంటుంది. ఎవరికి బోర్డు సరిగా కనిపించడం లేదు, ఎవరు పొద్దున్నే తినకుండా వస్తున్నారు, ఎవరిని నలుగురిలో ఏమి అడగకూడదు అన్నవి అందులో రాసుకుంటాడు. నేను ఆ గమనికలను కూడా వికీలోనే "గమనికలు" అనే అరలో, తరగతికొక పేజీగా పెట్టుకున్నాను. బీరువాకు అరలున్నట్లే వికీకీ అరలుంటాయి. ఆ అర ఎవరికీ కనపడకుండా డోకువికీలో ఒక ఏర్పాటు కనిపించింది. ఫలానా పేజీలను దాచు అంటే, విషయసూచికలోనూ వెతుకులాటలోనూ అవి రావు. దాచాను. వెతికి చూశాను. కనిపించలేదు. భేష్ అనుకున్నాను.

తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. పేరు చెప్పను. వాన కొలిచే బృందానికి ఆమే నాయకురాలు. ఒకనాడు బడి కంప్యూటరులో నా పాఠం చదువుతుండగా, పైన చిరునామా పెట్టెలో "పాఠాలు", "9", "కాంతి" అనే మూడు మాటలు ఆమె కంట పడ్డాయి. "పాఠాలు" తీసేసి వేరే మాట పెడితే ఏమవుతుంది? "ప్రయోగాలు" పెట్టి చూసింది. ఒక పేజీ వచ్చింది. "గమనికలు" పెట్టింది. "9" పెట్టింది. అదీ వచ్చింది! (ఇది తప్పంటారా? నేను అనను. ఒకటి మార్చి ఏమవుతుందో చూడమని ఏడాది పొడవునా ల్యాబులో నేర్పింది నేనే.)

వచ్చిన పేజీలో తన పేరుకు ఎదురుగా ఇలా ఉంది: సోమవారాలు రావడం లేదు, తల్లితో మిరపకాయల కోతకు వెళుతోంది, పుస్తకాల డబ్బు సంగతి నలుగురిలో అడగరాదు. ఆ సమయంలో ఆమె పక్కన మరో ఇద్దరు పిల్లలు కూర్చుని తెర చూస్తున్నారు.

మధ్యాహ్నం గంట కొట్టాక స్టాఫు రూము గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడింది.

"ఏమ్మా?" అన్నాను.

"మాస్టారూ, మీ వికీలో నా గురించి ఉందండీ."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నోట మాట రాలేదు.

"వాళ్లిద్దరూ కూడా చూశారండీ" అంది.

మందుల ప్రకటనలను కాఫీ చల్లారేలోగా తుడిచేసిన నేను, ఆ ఇద్దరు పిల్లల బుర్రల్లోంచి ఆ మూడు ముక్కలు ఎలా తుడవగలను? ఏ అటక మీద నుంచి నిన్నటి రోజును దింపగలను? రాత వెనక్కి తిరుగుతుంది, చూపు తిరగదు. ఇన్నాళ్లూ నేను తిప్పుకోగలిగిన దానికి గట్టి తాళం వేసి, తిప్పుకోలేని దాని ముందు తెర కట్టి ఊరుకున్నాను.

సరే, ఆ పూటే కూర్చుని ఆమె పేరున్న పంక్తిని తీసేశాను. మరునాడు మళ్లీ వచ్చింది. కోపమేమీ లేదు, చెప్పాలి కాబట్టి చెబుతున్నట్లుగా, "పాత ప్రతుల్లో ఇంకా ఉందండీ" అంది. నిజమే! నాకు మేలు చేసిన అటకే ఇప్పుడు ఎదురు తిరిగింది. పేజీ చదివే అధికారం ఉన్నవారికి దాని పాత ప్రతులు కూడా చదివే అధికారం ఉంటుంది. వికీలో ఒక మాటను కొట్టివేయడమంటే దాన్ని కనపడేచోటి నుంచి అటకెక్కించడమే. సర్వరులోకి వెళ్లి ఆ పాత ఫైళ్లను ఒక్కొక్కటిగా తొలగించేసరికి రాత్రి పదయింది. ఆ తర్వాతే తాళాల శాస్త్రం మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను.

తెర వేరు, కాపలాదారు వేరు

మీరు బ్రౌజరులో ఒక చిరునామా కొట్టినప్పుడు జరిగేది ఉత్తర ప్రత్యుత్తరాల వంటిది. మీ బ్రౌజరు "ఫలానా పేజీ పంపండి" అని ఒక చీటీ రాస్తుంది. ఎక్కడో ఉన్న సర్వరు ఆ చీటీ అందుకుని పేజీ పంపుతుంది. ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఒక్కటే. పంపే ముందు సర్వరు "అడుగుతున్నది ఎవరు? ఇతనికి ఇవ్వవచ్చా?" అని చూసుకుందా, లేదా?

చూసుకుంటే అది కాపలాదారు. చూసుకోకుండా పంపేసి, దారి మాత్రం చూపకపోతే అది తెర. నేను వాడిన "దాచు" అన్నది తెర. అది విషయసూచికలోంచి పేరు తీసేస్తుందే గాని, పేరు తెలిసినవాడు వచ్చి అడిగితే కాదనదు. దాన్ని చేసినవారు మోసం చేశారనడానికి లేదు. అది తాళమని వాళ్లు ఎక్కడా చెప్పలేదు, నేనే అనుకున్నాను. వెతుకులాట యంత్రాలకు "ఈ పేజీలు మీ జాబితాలో చేర్చకండి" అని వెబ్‌సైట్లు రాసిపెట్టే చీటీ కూడా ఇలాంటిదే. మర్యాదస్తులు పాటిస్తారు. మర్యాద లేనివారికి అదొక దారి చూపే పలక!

ఇంకో రకం తెర ఉంది, అది మరీ పల్చన. టిడ్లీవికీలో పుస్తకమంతా ఒకే ఫైలు అన్నాను కదా. దాన్ని వెబ్‌లో పెట్టి, సందర్శకులకు "మార్చు" బొత్తం కనపడకుండా చేయవచ్చు. సందర్శకుడు తన దగ్గరకు చేరిన ప్రతిని ఎలా గీకినా మీ అసలు ప్రతికి ఏమీ కాదు. కాబట్టి రాత విషయంలో భయం లేదు. కాని చూపు? ఆ ఫైలు పూర్తిగా అతని కంప్యూటరులోకి వచ్చి కూర్చుంది. కొన్ని భాగాలు తెర మీద కనపడకుండా చేసినా, ఫైలును తెరిచి చదివేవాడికి అన్నీ కనిపిస్తాయి. ఉత్తరం చేతికిచ్చి, రెండో పేరా చదవకు నాయనా అని బతిమాలినట్లుంటుంది. అందుకే అక్కడ చూపుకు తాళం వేయాలంటే ఒకటే మార్గం. పాస్‌వర్డు పెట్టి మొత్తం ఫైలునే గూఢలిపిలోకి మార్చాలి. ఆ సదుపాయం టిడ్లీవికీలో ఉంది. పాస్‌వర్డు మరిచిపోతే మాత్రం మీరూ చదవలేరు!

ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది

ఇక అసలు తాళాలు. డోకువికీలో ప్రతి అధికారానికీ ఒక అంకె ఉంది. ఏమీ లేకపోతే 0. చదవడానికి 1. ఉన్న పేజీని మార్చడానికి 2. కొత్త పేజీ సృష్టించడానికి 4. బొమ్మలు, ఫైళ్లు ఎక్కించడానికి 8. ఆ ఎక్కించిన వాటిని తొలగించడానికి 16. యజమానికి ఏకంగా 255.

ఈ అంకెలను ఎక్కడో చూసినట్లుంది కదూ? ప్రతిదీ ముందుదానికి రెట్టింపు. ద్విసంఖ్యామానంలో రాస్తే 1, 10, 100, 1000, 10000 అవుతాయి. 255 అయితే వరుసగా ఎనిమిది ఒకట్లు. డోకువికీ వీటిని మెట్లుగా వాడుతుంది. పై మెట్టు మీద ఉన్నవాడికి కింది మెట్లన్నీ వచ్చినట్లే. 2 ఉన్నవాడికి చదివే హక్కు విడిగా ఇవ్వనక్కరలేదు. అంటే మన ఫిర్యాదుల పెట్టెను ఈ మెట్ల మీద కట్టలేమన్నమాట! రాయగలిగి చదవలేనివాడికి ఇందులో చోటు లేదు.

దానికి చోటున్న పద్ధతి ఇంకా పాతది. 1969లో బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన యూనిక్స్‌లో ప్రతి ఫైలుకూ చదవడానికి 4, రాయడానికి 2, ప్రోగ్రాముగా నడపడానికి 1 అని అంకెలున్నాయి. ఇక్కడ మెట్లు లేవు, కూడిక ఉంది. చదివి రాయగలిగితే 4+2=6. రాయడం మాత్రమే అయితే 2. ఏ రెండు కూర్పులకూ ఒకే మొత్తం రాదు, కావాలంటే 0 నుంచి 7 వరకు రాసి చూడండి. ఇటువంటి అంకెలు వరుసగా మూడు ఉంటాయి: యజమానికి ఒకటి, అతని బృందానికి ఒకటి, మిగతా లోకానికి ఒకటి. 640 అంటే యజమాని చదివి రాస్తాడు, బృందం చదువుతుంది, లోకానికి ఏమీ లేదు. మరి 622 అంటే? అదే ఫిర్యాదుల పెట్టె. యూనిక్స్ బాటలోనే పుట్టిన లినక్స్ ఇవాళ ఆండ్రాయిడ్ ఫోన్లకు గుండెకాయ. కనుక ఈ మూడంకెలు మీ ఇంట్లో ఫోనులోపల కూడా పనిచేస్తూ ఉంటాయి.

మళ్లీ నా వికీకి వద్దాం. ఇప్పుడు దానిలో నేను రాసిన నియమాలు ఇవి:

అందరూ, మొత్తం వికీ: 1
అందరూ, "గమనికలు" అర: 0
వాన బృందం, "వాన" అర: 2

ఒక మనిషికి ఒకే పేజీ మీద రెండు నియమాలు తగిలితే ఏది చెల్లుతుంది? డోకువికీ ముందు ఆ పేజీకి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న నియమాన్ని చూస్తుంది. అక్కడ ఆ మనిషికి వర్తించేది లేకపోతే ఒక అంతస్తు పైకి వెళుతుంది. ఒకే అంతస్తులో రెండు వర్తిస్తే పెద్ద అంకె నెగ్గుతుంది. ఇప్పుడు మీరే చెప్పండి. ముక్కూ మొహం తెలియని సందర్శకుడు "వాన" అరలో ఏమి చేయగలడు? అక్కడ అతని పేరుతో నియమం లేదు. పైకి వెళితే 1 దొరుకుతుంది. కాబట్టి చదవగలడు, మార్చలేడు. వాన బృందంలోని పిల్ల "గమనికలు" తెరవబోతే? అందరిలో ఆమె కూడా ఉంది కదా. అందుచేత 0. ఇప్పుడు ఒక చిక్కు. "సభ్యులు, గమనికలు అర: 1" అని ఎవరైనా నాలుగో పంక్తి చేరిస్తే? పెద్ద అంకె నెగ్గుతుంది కాబట్టి ప్రతి సభ్యుడూ చదివేస్తాడు. పై పంక్తిలోని 0 అడ్డుపడదు. సభ్యుడిగా ఎవరికి వారే నమోదు చేసుకునే వీలుంటే "సభ్యులు" అన్న మాటకు "ఎవరైనా" అనే అర్థం. నా వికీలో ఆ స్వయం నమోదును మూసేశాను.

అమెరికాలో జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1975లో ప్రచురించిన ఒక వ్యాసంలో ఈ విషయానికి సూత్రాలు రాశారు. వాటిలో నాకు బాగా నచ్చినవి మూడు. మొదటిది, ఎవరికి ఇవ్వాలో రాయండి, ఎవరికి ఇవ్వకూడదో కాదు. మరిచిపోతే తలుపు మూసి ఉండాలి గాని తెరిచి ఉండకూడదు. రెండోది, అడిగిన ప్రతిసారీ, ప్రతి వస్తువుకూ అధికారం సరిచూడాలి. మూడోది, ఎవరికైనా వారి పనికి సరిపడేంత అధికారమే ఇవ్వాలి. నా మూడు నియమాలను మొదటి సూత్రంతో పోల్చితే నాకు నూటికి నలభై మార్కులు రావచ్చు. అందరికీ 1 ఇచ్చి, తర్వాత ఒక అరను మూయడం తలకిందుల పని. కొత్త అర చేర్చినప్పుడల్లా అది పుట్టుకతోనే తెరిచి ఉంటుంది. మొత్తానికి 0 పెట్టి, పాఠాలకూ వానకూ 1 ఇవ్వడం సరైన పద్ధతి. ఈ వ్యాసం రాస్తూ మార్చేశాను.

పెద్దవాళ్ల పొరపాటు

నా తప్పు విని మీరు నవ్వుకుంటూ ఉంటే ఇది కూడా వినండి. ఒకే కంప్యూటరును అనేకమంది ఒకేసారి వాడుకునే పద్ధతిని మొదట రూపొందించిన చోట్లలో అమెరికాలోని ఎం.ఐ.టి. ఒకటి. ఫెర్నాండో కోర్బటో నాయకత్వంలో 1961లో ఆ వ్యవస్థను నడిపి చూపించారు. ఒకరి ఫైళ్లు మరొకరు చూడకుండా ప్రతివారికీ పాస్‌వర్డు ఇచ్చారు. ఆ పాస్‌వర్డులన్నీ ఒక ఫైలులో ఉండేవి. లోపలికి వచ్చిన ప్రతివారికీ "నేటి కబురు" అని ఒక సందేశం కనిపించేది. అది మరో ఫైలు.

1960ల మధ్యలో ఒకరోజు యంత్రం దగ్గరకు వచ్చినవారికల్లా నేటి కబురుకు బదులు అందరి పాస్‌వర్డులూ వరుసగా అచ్చయ్యాయి! దొంగ ఎవరూ లేడు. ఇద్దరు నిర్వాహకులు ఒకే ఫోల్డరులో ఒకే సమయంలో పనిచేస్తున్నారు. ఒకరు కబురు మారుస్తున్నారు, మరొకరు పాస్‌వర్డుల ఫైలు మారుస్తున్నారు. మార్చే ప్రోగ్రాము తాత్కాలికంగా రాసుకునే చిత్తు ఫైలుకు ఎప్పుడూ ఒకే పేరు పెట్టేది. ఒక ఫోల్డరులో ఒక్కరే పనిచేస్తారని దాన్ని రాసినవారి ఊహ. రెండు చిత్తులూ తారుమారై, ఒకదాని స్థానంలో ఇంకొకటి చేరింది. కబురును తిరిగి రాయడం ఎంతసేపు? చూసిన పాస్‌వర్డులను మాత్రం ఎవరూ మరిచిపొమ్మనలేరు కదా. అందరివీ మార్చవలసి వచ్చింది.

అందుకే కాబోలు, ఒకరు ఒక పేజీని మారుస్తుండగా ఇంకొకరు దానిలో వేలు పెట్టకుండా డోకువికీ ఆ పేజీకి పావుగంట తాళం వేస్తుంది.

పరాయివాడిలా వచ్చి చూడండి

మీరు ఎప్పుడైనా వికీ పెట్టుకుంటే తాళాలను పరీక్షించడానికి ఒక ప్రయోగం చెబుతాను. యజమానిగా ఉండి చూస్తే ప్రతి తలుపూ తెరుచుకుంటుంది కాబట్టి ఏమీ తెలియదు. పూర్తిగా బయటికి వచ్చేయండి. వేరే ఫోనులో గాని, జ్ఞాపకం ఉంచుకోని రహస్య కిటికీలో గాని మీ వికీని తెరవండి. మూసిన పేజీ చిరునామాను చేత్తో కొట్టండి. దాని పాత ప్రతులను అడగండి. ఆ పేజీలో పెట్టిన బొమ్మను విడిగా, దాని సొంత చిరునామాతో అడగండి. బొమ్మకు దాని అరలోని నియమమే గాని, దాన్ని వాడుకున్న పేజీ నియమం వర్తించదు. ఈ సంగతి తెలియక మూసిన పేజీలోని ఫొటోలను తెరిచిన అరలో వదిలేసేవారు చాలామంది.

చివరగా దొడ్డిదారి. డోకువికీ పేజీలు సర్వరులో మామూలు ఫైళ్లుగా, ఒక ఫోల్డరులో ఉంటాయి. సర్వరును సరిగా అమర్చకపోతే వికీని దాటేసి ఆ ఫైలునే నేరుగా అడిగి తెచ్చుకోవచ్చు. కాపలాదారు వీధి గుమ్మంలో మీసం మెలేస్తూ ఉంటాడు, పెరటి తలుపు బార్లా తెరిచి ఉంటుంది! ఆ ఫోల్డరును బయటి నుంచి అందకుండా చేయాలని డోకువికీ వారు తమ సూచనల్లో నొక్కి చెబుతారు. నాది మూసే ఉందో లేదో చూసిపెట్టమని ఎవరిని అడిగానో చెప్పనా? ఆ అమ్మాయినే. గంటసేపు కూర్చుని, తనకు తోచిన చిరునామాలన్నీ కొట్టి, ఒక కాగితం మీద వరుసగా రాసి తెచ్చింది. పదహారు చోట్ల ప్రయత్నించింది. పదిహేను మూసి ఉన్నాయి. పదహారోది వాన కొలిచే పాత్ర ఫొటో, అది తెరిచే ఉండాలి.

"గమనికలు" అరలో మాత్రం ఇప్పుడు ఏమీ లేదు. దానికి వేసిన తాళం మంచిదే, అయినా ఆ రాతలను తిరిగి అక్కడ పెట్టడానికి నాకు మనసొప్పలేదు. అట్ట వేసిన పుస్తకంలో రాసుకుని బీరువాలో పెట్టుకుంటున్నాను. మరో మార్పు కూడా చేశాను. ఎవరి గురించి రాశానో వారు అడిగితే ఆ పేజీ చూపిస్తున్నాను. ఆ అమ్మాయి తనది అడిగి చదువుకుంది. సోమవారం సంగతి ఉన్న పంక్తిని వేలితో చూపించి, "ఇది ఇప్పుడు లేదండీ, కోతలు అయిపోయాయి" అంది. పెన్ను ఆమె చేతికే ఇచ్చాను. కొట్టేసింది.